అడవి మొక్క గింజను విత్తన బ్యాంకుకు చేర్చడం ఎలా: చట్టం, అనుమతి, సేకరణ, అప్పగింత

కంది చేను గట్ల మీద, రాళ్ల సందుల్లో నేలబారుగా పాకే తీగ ఒకటుంటుంది. కందికి ఉన్నట్టే మూడేసి ఆకులు, చిన్న పసుపు పూలు, నూగుతో నిండిన పొట్టి కాయలు. పశువులు మేస్తాయి, రైతు కలుపని పీకేస్తాడు. శాస్త్రీయ నామం కజానస్ స్కారబాయిడీస్. మన కందికి దగ్గరి చుట్టం. ఇంకో చుట్టం తూర్పు కనుమల్లో, బస్తర్ కొండల్లో పెరిగే కజానస్ కజానిఫోలియస్. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ రెండో దాన్ని సాగు కందితో సంకరం చేసి, పుప్పొడి పనిచేయని మగ వంధ్య రకాలు సాధించారు. 2010లో మధ్యప్రదేశ్‌లో వచ్చిన ఐసీపీహెచ్ 2671, 2015లో తెలంగాణలో ‘మన్నెంకొండ కంది’ పేరుతో విడుదలైన ఐసీపీహెచ్ 2740 హైబ్రిడ్లు ఆ పునాది మీద వచ్చినవే. ఆ అడవి గింజను ఎవరో సేకరించి, ఎక్కడిదో రాసి, చలిగదిలో భద్రం చేయబట్టే ఇదంతా వీలైంది.

అలాంటి గింజను మీ ప్రాంతం నుంచి మీరూ బ్యాంకుకు చేర్చవచ్చు. బోటనీ లెక్చరర్లు, పరిశోధక విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థలు, ఊరి జీవవైవిధ్య యాజమాన్య కమిటీల సభ్యులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మొదటే ఒక మాట: ఈ పనిలో గింజ కంటే ఆలస్యంగా పండేది కాగితం. కాయలు ముదిరాక అనుమతికి పరుగెత్తితే ఆ ఏడాది పోయినట్టే. అందుకే మొదటి అడుగులన్నీ కాగితాలవే.

మొదటి అడుగు: నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి

చట్టాలు అరడజను ఉన్నా అవన్నీ అడిగేది నాలుగే. ఏ మొక్క? ఎవరి నేల? కోసేది ఎవరు? దేనికి? ఈ నాలుగూ తేలితేనే ఏ ఆఫీసు మెట్లెక్కాలో తెలుస్తుంది.

నేల సంగతి ముందు చూడండి, ఎక్కువ మంది తడబడేది అక్కడే. పట్టా భూమి గట్టు మీద ఉన్న మొక్కకు రైతు ఒప్పుదల చాలు. నోటిమాట కాకుండా సర్వే నంబరు వేసి సంతకం చేయించుకోండి. పంచాయతీ భూమి అయితే పంచాయతీకి, అక్కడి జీవవైవిధ్య కమిటీకి రాయాలి. రిజర్వు ఫారెస్టులో అడుగు పెడితే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వర్తిస్తుంది. విభజన తర్వాత తెలంగాణ కూడా అదే చట్టాన్ని తన పేరుతో అమలు చేస్తోంది. దాని ప్రకారం అడవిలో దొరికే పువ్వు, కాయ, ఆకు, తీగ అన్నీ అటవీ ఉత్పత్తులే. ‘పిడికెడు గింజలే కదా’ అనే వాదన బీట్ ఆఫీసర్ దగ్గర నిలవదు, నిలవకూడదు కూడా. దరఖాస్తు జిల్లా లేదా డివిజన్ అటవీ అధికారికి, అంటే డీఎఫ్‌వోకు వెళ్లాలి. ఒకటికి మించిన డివిజన్లలో సేకరణ ఉంటే రాష్ట్ర అటవీ శాఖ ప్రధాన కార్యాలయానికే రాయడం మంచిది.

అభయారణ్యం, జాతీయ ఉద్యానవనం, పులుల అభయారణ్యం అయితే ఇంకో మెట్టు ఎక్కాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువులకే అనుకునేవాళ్లు చాలామంది. దాని పరిధిలోకి మొక్కలూ వస్తాయి. అభయారణ్యంలోకి పరిశోధన కోసం వెళ్లడానికి 28వ సెక్షన్ కింద పర్మిట్ కావాలి. అక్కడి నుంచి ఏదైనా బయటికి తేవడానికి అభయారణ్యమైతే 29వ సెక్షన్, జాతీయ ఉద్యానవనమైతే 35వ సెక్షన్ చూడాలి. ప్రవేశానికి ఇచ్చిన పర్మిట్‌ను సేకరణకూ పనికొస్తుందని అనుకోకండి. శేషాచలం కొండల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్, ఆదిలాబాద్ వైపు కవ్వాల్ అన్నీ ఈ కోవలోవే. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సంతకం లేకుండా పని జరగదు.

ఏజెన్సీ ప్రాంతంలో గ్రామసభను దాటి వెళ్లొద్దు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద గిరిజనులకు హక్కు ఇచ్చింది. జీవవైవిధ్యం మీద, దానితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కునూ గుర్తించింది. పాడేరు, అరకు వైపు పనిచేసేవాళ్లు గ్రామసభ తీర్మానం నకలును దరఖాస్తుకు జత చేయాలి. అందువల్ల అటవీ శాఖలో ఫైలు త్వరగా కదులుతుందన్నది ఒక లాభం. అసలు లాభం వేరే ఉంది: ఏ మొక్క ఏ గుట్ట మీద ఎప్పుడు కాస్తుందో ఆ సభలో కూర్చున్న పెద్దవాళ్లకు తెలిసినంత, ఎండు మొక్కల నమూనాలు దాచే ఏ హెర్బేరియంలోనూ రాసి ఉండదు.

ఇక మొక్క. వన్యప్రాణి చట్టంలో 1991లో చేర్చిన అధ్యాయం కొన్ని మొక్కల జాబితా ఇచ్చి, అటవీ భూమి నుంచి వాటిని కోయడం, పీకడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం నిషేధించింది. అప్పటి ఆరో షెడ్యూల్‌లో ఆరే ఉండేవి. 2022 సవరణ తర్వాత మొక్కల జాబితా మూడో షెడ్యూల్‌లోకి మారింది. మనకు తగిలేది బెడ్డోమ్ సైకస్. చూడ్డానికి చిన్న ఈత చెట్టులా ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద తిరుపతి, కడప కొండల్లోనే సహజంగా పెరుగుతుంది. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది. దీని మగ కంకులను నాటుమందుగా అమ్ముకోవడానికి నరుకుతున్నారు. దీన్ని ముట్టుకోవాలంటే 17-బి సెక్షన్ కింద, రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు ఆమోదంతో, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చే ప్రత్యేక పర్మిట్ కావాలి. చదువు, పరిశోధన, శాస్త్రీయ సంస్థ హెర్బేరియం, కేంద్రం ఆమోదించిన సంస్థ చేసే ప్రవర్ధనం, వీటికే ఆ పర్మిట్ ఇస్తారు.

దీనికి తోడు జీవవైవిధ్య చట్టం 38వ సెక్షన్ కింద కేంద్రం రాష్ట్రాల వారీగా అంతరించే దశలోని జాతులను ప్రకటిస్తుంది. మీ మొక్క మీ రాష్ట్ర జాబితాలో ఉందో లేదో జీవవైవిధ్య మండలికి ఒక ఉత్తరం రాసి తేల్చుకోండి. జవాబు వస్తే అదే మీ ఫైలులో మొదటి కాగితం.

రెండో అడుగు: జీవవైవిధ్య చట్టంలో మీరెక్కడున్నారో చూసుకోండి

2002లో వచ్చిన ఈ చట్టాన్ని 2023లో సవరించారు. సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 2004 నాటి నియమాల స్థానంలో 2024 నియమాలు వచ్చాయి. ఇంటర్నెట్‌లో దొరికే పాత ఫారాలు, పాత ఫీజులు నమ్ముకోకండి. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ పోర్టల్‌లో ఉన్నవే తీసుకోండి.

భారతదేశంలో ఉండే భారతీయులు పరిశోధన కోసం, భద్రపరచడం కోసం గింజలు సేకరిస్తే ఈ చట్టం కింద ముందస్తు అనుమతి అక్కర్లేదు. వ్యాపారం కోసమైతే 7వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర మండలికి ముందుగా తెలియజేయాలి. స్థానికులకు, సాగుదారులకు అందులో మినహాయింపులున్నాయి. సేకరించిన దాని మీద పేటెంట్‌కు వెళ్లాలనుకుంటే 6వ సెక్షన్, పరిశోధన ఫలితాలు విదేశీయుల చేతికి ఇవ్వాలనుకుంటే 4వ సెక్షన్ అడ్డొస్తాయి. ఉల్లంఘనకు ఒకప్పుడు జైలు శిక్ష ఉండేది. సవరణ తర్వాత లక్ష నుంచి 50 లక్షల రూపాయల దాకా జరిమానా. జైలు తీసేయడం చిన్న పరిశోధకులకు ఊరటే. పెద్ద కంపెనీలకు మాత్రం ఈ మొత్తం ఒక ఖర్చు పద్దుగా మిగిలిపోతుందేమోనన్నది నా అనుమానం.

అమెరికా, గల్ఫ్, ఆస్ట్రేలియాల్లో ఉంటున్న తెలుగువాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. 3వ సెక్షన్ విదేశీయులతో పాటు ప్రవాస భారతీయులకూ వర్తిస్తుంది. చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నా, ఆదాయపన్ను చట్టం లెక్కలో నాన్ రెసిడెంట్ అయితే పరిశోధనకైనా సరే జాతీయ ప్రాధికార సంస్థ ఆమోదం తప్పదు. అక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అబ్బాయి సెలవులకొచ్చి, మేనమామ ఊరి కొండ మీద కాయలు కోసి సూట్‌కేసులో వేసుకు వెళ్తే ఇక్కడి చట్టమూ, అక్కడి మొక్కల క్వారంటీన్ చట్టమూ రెండూ తప్పినట్టే.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, 1992 జీవవైవిధ్య ఒప్పందం అడవి గింజ మీద ఆ దేశానికే సార్వభౌమాధికారం ఇచ్చింది. వాడుకున్నవాళ్లు లాభంలో వాటా ఇవ్వాలన్న నగోయా ఒడంబడికను భారత్ 2012 అక్టోబరులో ఆమోదించింది. హైదరాబాద్‌లో ఆ ఒప్పంద దేశాల 11వ సదస్సు జరిగింది కూడా ఆ నెలలోనే. పంట మొక్కలకు ఇంకో దారి ఉంది: 2004లో అమల్లోకి వచ్చిన ఆహార, వ్యవసాయ మొక్కల జన్యు వనరుల అంతర్జాతీయ సంధి. దాని అనుబంధంలోని 64 పంటల గింజలను ఒకే ప్రామాణిక ఒప్పందంతో దేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. వరి, జొన్న, సజ్జ, కంది ఆ జాబితాలో ఉన్నాయి. రాయలసీమ ప్రాణమైన వేరుశనగ లేదు.

మూడో అడుగు: ఏ బ్యాంకు తీసుకుంటుందో ముందే అడగండి

గింజలు కోసుకొచ్చి తర్వాత బ్యాంకు వెతకడం తలకిందుల పని. ఇంగ్లండ్ వేక్‌హర్స్ట్‌లోని మిలీనియం సీడ్ బ్యాంక్‌లాగా అచ్చంగా అడవి మొక్కలన్నిటి కోసమే పెట్టిన ఒక్క జాతీయ బ్యాంకు మన దగ్గర లేదు. పని కొన్ని సంస్థల మధ్య చీలి ఉంది. ఇది మన వ్యవస్థలో పెద్ద లోటే. ఏ పంటకూ చుట్టం కాని, ఏ మందుకూ పనికిరాని అడవి మొక్క చివరికి ఎవరి బాధ్యతా కాకుండా పోతోంది.

పంటల అడవి చుట్టాలు, ఔషధ మొక్కలైతే జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరోకు వెళ్లాలి. అందరూ ఎన్‌బీపీజీఆర్ అంటారు. 1976లో ఏర్పడింది. ఢిల్లీ పూసా ప్రాంగణంలో దాని జాతీయ జన్యు బ్యాంకు మైనస్ 18 డిగ్రీల వద్ద నాలుగున్నర లక్షలకు పైగా నమూనాలు దాస్తోంది. ఇంకో 10 లక్షల నమూనాలకు రెండో జన్యు బ్యాంకు కడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మన రెండు రాష్ట్రాలవాళ్లు ఢిల్లీకి రాయక్కర్లేదు, రాజేంద్రనగర్‌లోని హైదరాబాద్ ప్రాంతీయ కేంద్రంతో మొదలుపెట్టొచ్చు. అడవి చెట్ల గింజలకు హైదరాబాద్ శివార్లలోని దూలపల్లి అటవీ జీవవైవిధ్య సంస్థను అడగండి. మొక్క గుర్తింపుకు, హెర్బేరియం నమూనాకు బొటానికల్ సర్వే వారి దక్కన్ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ఇక్రిశాట్ జన్యు బ్యాంకు మన పక్కనే ఉన్నా అది అంతర్జాతీయ సంస్థ. అక్కడికి గింజ నేరుగా ఇవ్వకుండా ఎన్‌బీపీజీఆర్ ద్వారానే వెళ్లండి.

ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే తేలాలి. మీ గింజ ఎండితే బతుకుతుందా? కంది, జొన్న, అడవి వరి, ఎర్రచందనం లాంటివి ఎండబెట్టి చల్లబెడితే ఏళ్ల తరబడి ఉంటాయి. నేరేడు, పనస, మామిడి, ఉత్తరాంధ్ర అడవుల్లోని సాల్ గింజలు ఎండితే చస్తాయి. సైకస్ గింజనూ చలిగదిని నమ్ముకుని దాచలేం. ఇలాంటి వాటికి బతికిన మొక్కల తోటో, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో పిండాన్ని దాచే క్రయోబ్యాంకో కావాలి. ఈ కోవ మొక్కకు విత్తన బ్యాంకు దరఖాస్తు పెట్టి ఏడాది పోగొట్టుకోవద్దు.

నాలుగో అడుగు: దరఖాస్తు

కాయ ముదిరే నెల నుంచి కనీసం ఆరు నెలలు వెనక్కి లెక్కపెట్టి దరఖాస్తు పెట్టండి. అభయారణ్యమైతే ఏడాది. గట్టు మీది అడవి కంది నవంబరు నుంచి జనవరి మధ్య కాస్తుంది కాబట్టి వానాకాలం మొదలయ్యేసరికే కాగితం వెళ్లి ఉండాలి. ఎర్రచందనం వేసవిలో పూసి, కాయ పండడానికి దాదాపు 11 నెలలు తీసుకుంటుంది. పూత కనబడ్డాక రాసినా సరిపోతుంది.

దరఖాస్తు రెండు పేజీలు దాటక్కర్లేదు. మొక్క శాస్త్రీయ నామం, తెలుగు పేరు, బీట్, కంపార్ట్‌మెంట్ నంబరు (అడవిని అటవీ శాఖ విభజించుకున్న భాగాలు ఇవి), వెళ్లే నెలలు, వెళ్లే మనుషుల పేర్లు, కోసే గరిష్ఠ పరిమాణం గ్రాముల్లో, గింజ ఏ బ్యాంకుకు చేరుతుంది అన్నవి ఉండాలి. ‘వివిధ జాతుల గింజలు, తగినంత’ అని రాస్తే ఆ ఫైలు రేంజర్ దగ్గరే కొర్రీతో వెనక్కొస్తుంది. తీసుకుంటామని బ్యాంకు రాసిన ఉత్తరం, మీ సంస్థ కవరింగ్ లెటర్, గ్రామసభ తీర్మానం జత చేయండి. తపాలా విభాగంలో ఇన్వార్డ్ నంబరు వేయించుకుని నకలు దగ్గర పెట్టుకోండి. ఫోన్ చేసినప్పుడు అడిగేది ఆ నంబరే. పర్మిట్ వచ్చాక దాని మీది షరతులు చదవండి, గడువు తేదీ ముఖ్యంగా. గడువు దాటిన పర్మిట్‌తో కోసిన గింజ పర్మిట్ లేని గింజే.

ఐదో అడుగు: కోత

పర్మిట్ నకలు జేబులో ఉండాలి. బీట్ ఆఫీసర్‌కు ముందురోజు చెప్పాలి. వీలైతే ఆయన్నే వెంట తీసుకెళ్లండి, దారి ఆయనకే తెలుసు.

ముందు కోసి చూడండి. చెట్టు నుంచి పది కాయలు తీసి, గోళ్లు కత్తిరించే కట్టర్‌తో నడిమికి కోస్తే లోపల తెల్లగా, గట్టిగా పప్పు ఉండాలి. ఎర్రచందనం కాయ చుట్టూ రెక్కతో గుండ్రని బిళ్లలా ఉంటుంది. పైకి నిండుగా కనిపిస్తుంది, కోస్తే లోపల ఖాళీ. కొన్నింట్లో పురుగు తిన్న పొడి. పదిలో నాలుగే మంచివైతే రెండున్నర రెట్లు కోయాల్సి వస్తుంది. అంత కోయడానికి చెట్లు ఉన్నాయా, పర్మిట్‌లో ఆ గ్రాములు ఉన్నాయా? లేకపోతే ఆ ఏడాది వదిలేయడమే మర్యాద.

ఆ రోజు అక్కడ పండిన గింజలో ఐదో వంతుకు మించి తీసుకోవద్దని ప్రపంచవ్యాప్తంగా విత్తన సేకరణదారులు పాటించే నియమం. మిగిలింది పక్షికి, ఉడుతకు, నేలకు. వీలైతే 50 మొక్కలకు తగ్గకుండా, అటూ ఇటూ తిరిగి, తలా కొంచెం తీయండి. బాగా కాసిన రెండు చెట్లను దులిపి సంచి నింపితే బ్యాంకులో ఉండేది ఆ రెండు చెట్ల సంతానమే. ఆ గుట్ట మీది వైవిధ్యం కాదు. పదీ పాతిక మొక్కలే మిగిలిన జాతి అయితే ప్రతి తల్లిమొక్క గింజను విడి కవరులో వేయాలి. అడవి కంది కాయ ఎండగానే చిట్లి గింజ విసిరేస్తుంది. కాయ గోధుమ రంగుకు తిరుగుతుండగా ఉదయం పూట, మంచు తడి ఆరాక చేత్తో తెంపాలి. గుడ్డ సంచి లేదా కాగితం కవరు వాడండి. ప్లాస్టిక్ సంచిలో సాయంత్రానికల్లా ఆవిరి పట్టి బూజు మొదలవుతుంది.

అదే మొక్క కొమ్మలు, పువ్వు, కాయలతో సహా, మూడు హెర్బేరియం నమూనాలు నొక్కండి. తర్వాత ఎవరైనా ఈ గింజ నిజంగా ఆ మొక్కదేనా అని అడిగితే సాక్ష్యం అదొక్కటే.

ఆరో అడుగు: ఆరబెట్టడం

మిద్దె మీద టార్పాలిన్ వేసి మిట్టమధ్యాహ్నం ఎండలో పోయకండి. ఆ వేడికి తడి గింజ దెబ్బతింటుంది. నీడలో, గాలి ఆడేచోట పలుచగా పరిచి, తర్వాత గాలి చొరని డబ్బాలో గింజ బరువుకు సమానంగా సిలికా జెల్ పెట్టండి. రంగు మారిన జెల్‌ను వేడిచేసి మళ్లీ వాడొచ్చు. తేమ ఉందో లేదో తెలియడానికి చవకైన ఉపాయం వంటింట్లోనే ఉంది. పొడి గాజు సీసాలో కొంచెం గింజ, బాగా ఎండిన ఉప్పు వేసి కదిపి కాసేపు ఉంచండి. ఉప్పు గాజుకు అంటుకున్నా, గడ్డకట్టినా గింజ ఇంకా తడిగా ఉన్నట్టు. ఇది దారి ఖర్చుకు సరిపోయే పరీక్ష మాత్రమే. ఆహార, వ్యవసాయ సంస్థ 2014 ప్రమాణాల ప్రకారం ఆరబెట్టే గదిలో ఉష్ణోగ్రత 5 నుంచి 20 డిగ్రీలు, గాలిలో తేమ 10 నుంచి 25 శాతం ఉండాలి. అది బ్యాంకు చూసుకుంటుంది. మీ పని వారం పది రోజుల్లో గింజను బతికి ఉండగా వాళ్లకు అందించడం.

ఏడో అడుగు: పాస్‌పోర్టు సమాచారం

గింజ వెంట వెళ్లే వివరాలను బ్యాంకులో పాస్‌పోర్టు డేటా అంటారు. అది లేని గింజ ఎంత అరుదైనదైనా ఎవరికీ అక్కరకు రాదు. ఎక్కడ తిరిగి నాటాలో తెలియదు, ఏ అనుమతితో వచ్చిందో తెలియదు కాబట్టి ఎవరికీ ఇవ్వలేరు. సేకరణ సంఖ్య, తేదీ, ఊరు, మండలం, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లో, ఎత్తు, నేల రకం, చుట్టూ ఉన్న మొక్కలు, ఎన్ని మొక్కల నుంచి తీశారు, స్థానిక పేరు, వాడకం, పర్మిట్ నంబరు, ఇవన్నీ మొక్క దగ్గరే, పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ సిరా తడికి అలుక్కుపోతుంది. ఒక చీటీ కవరు లోపల, ఒకటి బయట.

జబ్బుకు వాడే విధానం ఊళ్లో ఎవరైనా చెబితే, దాన్ని రాసేముందు వాళ్ల అనుమతి అడగండి. కాదంటే ఆ గడి ఖాళీగా వదిలేయండి. సైకస్ వంటి వాటి కచ్చితమైన చోటు బ్యాంకుకు, అటవీ శాఖకు తప్ప ఎక్కడా బయటపెట్టొద్దు. ఫేస్‌బుక్‌లో లొకేషన్‌తో పెట్టిన ఫొటో దొంగకు దారి చూపిస్తుంది.

ఎనిమిదో అడుగు: అప్పగింత, ఆ తర్వాత

గింజలు, వివరాల పత్రం, పర్మిట్ నకలు కలిపి అప్పగిస్తే ఎన్‌బీపీజీఆర్ దేశీయ సేకరణ సంఖ్య కేటాయిస్తుంది. ఐసీ అనే అక్షరాలతో మొదలయ్యే ఆ సంఖ్యే ఇకమీదట ఆ గింజ గుర్తింపు. మొలక పరీక్ష చేసి, అల్యూమినియం పొరల కవరులో సీలు వేసి దాస్తారు. అడవి చిక్కుళ్ల జాతి గింజలకు పైపొర గట్టిది. అడవి కంది గింజను గరుకు కాగితం మీద కాస్త రుద్దకపోతే నీరు పీల్చక మొలకెత్తదు, చచ్చిన గింజ లెక్కలో పడిపోయే ప్రమాదం ఉంది. ఈ సంగతి కవరు మీదే రాసి పంపండి. ఇచ్చినదాంట్లో కొంత మీ సంస్థ దగ్గర ఉంచుకోవాలనుకుంటే పర్మిట్ దానికి ఒప్పుకోవాలి.

బ్యాంకులో ఉన్న గింజ దేశంలోని పరిశోధకులకు పదార్థ బదిలీ ఒప్పందం మీద దొరుకుతుంది. విదేశానికి పోవాలంటే ప్రభుత్వ ఆమోదం, క్వారంటీన్ ధ్రువపత్రం దాటుకుని ఎన్‌బీపీజీఆర్ ద్వారానే వెళ్లాలి. ఏ ఇద్దరు ప్రొఫెసర్ల స్నేహమూ దీనికి మినహాయింపు కాదు.

ఐసీ సంఖ్య రాగానే ఆ ఊరి జీవవైవిధ్య కమిటీకి తెలుగులో ఒక ఉత్తరం రాయండి: ఫలానా మొక్క, ఫలానా తేదీ, ఫలానా సంఖ్యతో ఢిల్లీలో ఉంది అని. ఊరి జీవవనరుల వివరాలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో అది నమోదు చేయించండి. రేపు ఎవరైనా ఆ గింజతో సొమ్ము చేసుకుంటే, వాటా అడగడానికి ఊరి చేతిలో ఉండే ఆధారం ఆ పద్దు. డీఎఫ్‌వో ఆఫీసుకు కోసిన గ్రాములు, వెళ్లిన తేదీలు, ఐసీ సంఖ్యలతో ఒక పేజీ నివేదిక పంపి, దానికీ ఇన్వార్డ్ నంబరు వేయించుకోండి. పర్మిట్ షరతుల్లో ఇది సాధారణంగా ఉంటుంది. చాలామంది ఎగ్గొడతారు, మరుసటి ఏడాది దరఖాస్తు పెట్టినప్పుడు మొదటి కొర్రీ దాని మీదే పడుతుంది.